తెల్లచెయ్యి మొదటి సంచిక

14 ఏప్రిల్ 2003, సోమవారం

తొమ్మిదో సంచిక దొరికింది.

తాడిపత్రిలో ఒక పాత సెలూన్ మూసేశారట. గిరాకీలు చదువుకోవడానికి పెట్టిన పుస్తకాల కట్టలో అట్టడుగున ఉందట. మా ఆయన నారాయణ, మోటారు వైండింగ్ సామాను కోసం అక్కడికి పోయి, వెతికి తెచ్చారు. ఈ వయసులో నన్ను బొమ్మల పుస్తకాల కోసం ఊళ్లో సెలూన్లన్నీ తిప్పిస్తాండావు కదే అని విసుక్కున్నారు. విసుక్కున్నా, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి మరీ తెచ్చారు.

కండిషన్ ఫరవాలేదు. వెన్ను చిరగలేదు. పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితంలోకి దిగింది. ఇరవై మూడో పేజీలో కూపన్ కత్తిరించారు. కూపన్ మిగిలిన కాపీ నాకు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. అది మద్రాసుకు పంపితే ఎడమచేతికి వేసుకునే తెల్ల గ్లౌజు పంపేవాళ్లు. ఏ పిల్లవాడు ఆగుతాడు?

ఇప్పుడు రెండు నుంచి పదకొండు దాకా ఉన్నాయి. ‘తెల్లచెయ్యి’ మొత్తం వచ్చింది పదకొండే. 1968లో మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి ఆపేశారు. ముసుగు కట్టుకుని ఎగిరే వీరుడి బొమ్మల కథ తెలుగులో అంతకుముందు నేను చూడలేదు. అతని ఎడమచెయ్యి మాత్రం తెల్లగా ఉంటుంది. దానితో రైలును ఆపుతాడు, పిడుగును పట్టుకుంటాడు.

మొదటి సంచిక ఎవరి దగ్గరా లేదు. బెంగుళూరులో సాయిగణేష్ అని ఒక బ్యాంకు ఉద్యోగి ఇలాంటి పుస్తకాలే సేకరిస్తాడు. ఉత్తరాల మీద పరిచయం. అతనూ ఏళ్లుగా వెతుకుతున్నాడు. ఇంక ఆశ లేదక్కా, ఒక్క కాపీ కూడా మిగిలినట్టు లేదు అని రాశాడు.

ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు. అతనికి చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు.

15 ఏప్రిల్

ఇంటి లెక్కల పుస్తకంలో రాసేది కాదు ఇది. ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

నా తమ్ముడు చిన్నప్పకు ఎడమచేతికి బొల్లి ఉండేది. వేళ్ల నుంచి మణికట్టు దాకా గ్లౌజు తొడిగినట్టు తెలుపు. చర్మం రంగు పోవడమే, అంటుకునేది కాదు, భయం లేదు అని బళ్లారి డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఎవరు వింటారు? బడిలో వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. వాడు ఆ చేతిని ఎప్పుడూ చంకలో దాచుకుని నడిచేవాడు.

నాయన గుంతకల్లు స్టేషన్లో ‘తెల్లచెయ్యి’ మొదటి సంచిక కొని తెచ్చాడు. ఆ రోజు నుంచి వాడు చెయ్యి దాచుకోలేదు. కూపన్ పంపుదాం రా, గ్లౌజు వస్తుంది అని నేనంటే, నాకెందుకక్కా, నాకుండాది కదా అన్నాడు.

ఆ సంచిక చివర్లో వీరుడు వంతెన మీద నుంచి పడిపోతూ ఉంటాడు. రెండో సంచిక కోసం వాడు నాయన ప్రాణం తీశాడు. అది మా దాకా రాకముందే వాడికి జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోతూ కూడా వచ్చిందా నాయనా, వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు. పదకొండేళ్లకు పోయాడు.

మాలో పిల్లలను కాల్చరు. గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో, సొంత చేనులో, గట్టు పక్కన పూడ్చారు. అమ్మ ఆ పుస్తకాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పోసి, వాడి ఎడమచేతి కింద ఉంచింది.

నేను పక్కనే ఉన్నాను.

22 ఏప్రిల్, ఉదయం

తొమ్మిదో సంచిక అట్ట మీద తెల్ల మచ్చ. నిన్న లేదు.

కందిగింజంత ఉంది. వీరుడి నీలం అంగీ మీద, భుజం దగ్గర. పురుగు కొట్టలేదు. కాగితం గీరుకుపోలేదు. వేలితో తడిమితే నున్నగానే ఉంది. రంగు మాత్రం లేదు.

పుస్తకాలు దాచే ట్రంకులో ఎండు వేపాకు, కలరా ఉండలు మార్చాను. మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో సన్నగా గీశాను. పెరిగితే తెలుస్తుంది.

23 ఏప్రిల్

గీత దాటింది.

2 మే

కుళాయి నీళ్లు వారానికి ఒకసారే వదులుతున్నారు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తున్నాను.

మా అన్న రంగన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. మూడేళ్లుగా ఊళ్లో వాన లేదు. బోర్లన్నీ ఎండిపోయాయి. ఊరి పెద్ద ఎర్రప్ప రచ్చలో ఒక మాట తెచ్చాడట. బొల్లి ఉన్నవాళ్లను మట్టిలో పూడిస్తే మేఘం ఆ చోటుకు బెదిరి తప్పుకుని పోతుందట. వాళ్లను తీసి కాల్చితేనే వాన వస్తుందట. మా ఊళ్లో ఇది పాత మాటే, నా చిన్నప్పుడూ విన్నాను. ఇప్పటికే వేరే ఇళ్లవాళ్ల రెండు గుంతలు తవ్వారట.

ఇంక మిగిలింది మనోడే అంటాండారు హేమా, నువ్వేమంటావు అని అన్న అడిగాడు. వద్దంటే ఊరంతా నా మీదికి వస్తాది, వచ్చే ఎలక్షన్లో నిలబడాలనుకుంటి అని కూడా అన్నాడు.

వద్దు అని చెప్పాల్సింది. ఎప్పుడు అని అడిగాను.

3 మే

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. రోజంతా నా గొంతు నాకే వినపడుతూ ఉంది.

గుంత తవ్వితే డబ్బా బయటికి వస్తుంది. నా మనసులో ముందుగా మెదిలింది అదే. తమ్ముడి ఎముకలు ఆ తరువాతే గుర్తొచ్చాయి.

11 మే, ఆదివారం

సాయిగణేష్ బెంగుళూరు నుంచి వచ్చాడు. సన్నటి మనిషి. కాఫీ ఇస్తే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పుస్తకాలు ముట్టుకున్నాడు. నాకు నచ్చింది.

ఇప్పుడు ఏడు సంచికల మీద మచ్చలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాడు. తేమ అన్నాడు. ఈ రాయదుర్గంలో తేమ యాడుందప్పా, ఉంటే పట్టుకుని బిందెలో పోస్తాను అని మా ఆయన నవ్వారు. ఎండ తగిలి ఉంటుందన్నాడు. ట్రంకు మూత ఎప్పుడూ వేసే ఉంటుందని చెప్పాను. భూతద్దం పక్కన పెట్టాడు. ఒక్కటి మాత్రం అన్నాడు. రంగు వెలిసినప్పుడు ముందు ఎరుపు పోతుంది, ఆఖరున నీలం పోతుంది, ఇక్కడ అన్నీ ఒకేసారి పోయాయక్కా, ఒంటి మీద బొల్లి వచ్చినట్టు.

అతనికి చిన్నప్ప సంగతి తెలియదు.

పోతూ పోతూ, మొదటి సంచిక ఎప్పుడైనా దొరికితే ముందు నాకే చూపించాలి అని మాట తీసుకున్నాడు. ఇచ్చాను.

31 మే, అమావాస్య. సాయంత్రం ఐదు

మిట్టమధ్యాహ్నం తవ్వారు. నేనూ పోయాను. మా ఆయనను రావద్దన్నాను.

నీడ ఎక్కడా లేదు. ఊళ్లో మగవాళ్లందరూ వచ్చారు. కుక్కలు మాత్రం గట్టు అవతలే ఆగిపోయాయి. ఒక చోటికి వచ్చేసరికి గడ్డపార ఆగింది. ఎర్రప్ప, తోడబుట్టినోళ్లే ఎత్తల్ల, వేరేవాళ్లు తాకగూడదు అన్నాడు. అన్న దిగబోయి, గట్టు మీదే కూలబడ్డాడు. నేను కొంగు బిగించి దిగాను.

గుంతలో చల్లగా ఉంది. పైన రాళ్లు కాలుతున్నాయి. కింద, బావిలో దిగినట్టు చల్లదనం.

ఎముకలు చిన్నవి. తట్టలోకి ఎత్తాను. డబ్బా తుప్పు పట్టింది కాని మూత దగ్గర మైనం అలాగే ఉంది. అమ్మ డబ్బాను చెయ్యి కింద పెట్టిందని నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు డబ్బా అంచును చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్క వేలు విడదీశాను. చిటికెన వేలు రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను.

గుంతలో దొరికింది ఏదీ మిగలగూడదు, గుడ్డపీలిక కూడా కాలల్ల అని ఎర్రప్ప పైనుంచి అంటూనే ఉన్నాడు.

నా చేతిసంచిలో ఏడో సంచిక ఉంది. నా దగ్గర అది రెండు కాపీలు. నాసిరకంది తీసుకుపోయాను. డబ్బా తుడిచి తెస్తాను అని కంపచెట్టు వెనక్కి పోయాను. మైనం గోటితో గీకి తెరిచాను. ఇది తీశాను, అది పెట్టాను. మూత వేసి డబ్బాను తెచ్చి కట్టెల మీద పెట్టాను.

అందరూ చూస్తుండగా కాలింది. బూడిద తీసుకుపోయి హగరి ఏటి ఇసుకలో కలిపారు. హగరిలో నీళ్లు లేవు.

తిరిగి బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎండకు కాలిపోతున్న బస్సులో సంచి కింద నా తొడలు చల్లగా ఉన్నాయి.

1 జూన్

తెరిచాను.

కొత్తది. నిన్న అచ్చు వేసినట్టు. ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా ఉంది. పిన్నులు మెరుస్తున్నాయి. మట్టి వాసన లేదు, సిరా వాసన ఉంది. ఇరవై మూడో పేజీలో కూపన్ అలాగే ఉంది.

చివరి పేజీ అంచున వేలిముద్రలు. బెల్లం తిన్న వేళ్లు. ఐదూ ఉన్నాయి. వీరుడు వంతెన మీద నుంచి పడే బొమ్మ పక్కన, గట్టిగా అదిమి పెట్టినట్టు.

దీనికి మచ్చ పట్టలేదు. పక్కన పెట్టిన పదింటికీ పట్టింది.

8 జూన్

నాలుగో సంచికలో ముఖాలు పోయాయి. మాటల బుడగలు ఉన్నాయి. మాట్లాడేవాళ్లు లేరు.

30 జూన్

ఊళ్లో పెద్ద వాన. అన్న ఫోన్ చేశాడు. సంతోషం లేదు గొంతులో. అందరి చేన్లూ తడిసినాయమ్మా, మనది తడవలేదు అన్నాడు. అదెట్లన్నా అన్నాను. వచ్చి సూడు అన్నాడు.

3 జూలై

పోయి చూశాను.

చుట్టూ నేల తడిసి ముదురు ఎరుపుగా ఉంది. మధ్యలో మా చేను తెల్లగా, పిండి చల్లినట్టు. తడికీ పొడికీ మధ్య గీత స్పష్టంగా ఉంది. ఒక కాలు బురదలో, ఒక కాలు దుమ్ములో పెట్టి నిలబడ్డాను. మచ్చ నడిమధ్యలో ఆ గుంత.

అన్న అప్పు చేసి వేరుశనక్కాయ విత్తాడు. ఒక్కటీ మొలవలేదు. నేను వచ్చేటప్పుడు వదిన బయమ్మ వాకిట్లో నిలబడి, ఇంట్లో ఎవరో ఏదో దాచిపెట్టినారు, లేకుంటే మేఘానికి మా చేనే యాల కనపడకపాయ అన్నది. నా ముఖం చూసి అనలేదు. కాని అన్నది.

20 జూలై

మళ్లీ వాన. మచ్చ గీత దాటింది. పక్క చేనులో నాలుగు సాళ్లు తెల్లబడ్డాయట.

27 జూలై

ఎర్రప్ప మనుషులతో అన్న ఇంటికి వచ్చాడట. ఏదో మిగిలిపోయింది రంగన్నా, ఏముందో తెచ్చి కాల్చు, లేకుంటే ఊళ్లో నీకు నీళ్లు నిప్పులు ఇచ్చేది లేదు అని చెప్పిపోయాడట. నా బిడ్డల మీద ఒట్టు, నా దగ్గర ఏమీ లేదు అని అన్న చెప్పాడట.

ఫోన్‌లో ఇదంతా విన్నాను. ఊఁ అన్నాను. ఫోన్ పెట్టేశాను. పోయి ట్రంకు తాళం వేసే ఉందా అని చూసుకున్నాను.

కాల్చాలంటే నా చేతులు రావు. వాడిది మిగిలింది ఇదొక్కటే. వాడినే కాల్చినప్పుడు రాని తడి, పుస్తకం కాల్చితే వస్తుందా?

10 ఆగస్టు, ఆదివారం

ఇచ్చిన మాట ప్రకారం సాయిగణేష్‌కు ఉత్తరం రాశాను. ఈ రోజు వచ్చాడు.

పుస్తకం చూసి అతను ఏడ్చాడు. నిజంగానే. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏమి కావాలన్నా ఇస్తానన్నాడు, ఎక్కడిదని మాత్రం అడగలేదు. ఒక్కొక్క పేజీ చివరి దాకా తిప్పాడు. అక్కడ ఆగాడు. ఈ ఒక్క మరకే లోపం అక్కా, ఎవడో పిల్లోడు జిడ్డు చేతులతో పట్టుకున్నాడు అన్నాడు. తెల్ల బ్రెడ్డు ముక్కను ఉండ చేసి మెల్లగా రుద్దితే పోతుందట. జాడ కూడా తెలియదట. అప్పుడు ఇది మచ్చ లేని కాపీ అవుతుందట. అతను ఎన్నో పుస్తకాలు అలా బాగు చేశాడట. బ్రెడ్డు ఉందా ఇంట్లో అని అడిగాడు.

వంటింట్లోకి పోయాను. బ్రెడ్డు ఉంది. చేతిలోకి తీసుకున్నాను.

తిరిగి వచ్చి, పుస్తకం ఇటివ్వు నాయనా అన్నాను. ఎందుకక్కా అన్నాడు. దీనికి మనిషి ఉన్నాడు, ఇది వాడిది, నేను తప్పుగా తెచ్చాను అన్నాను. చాలాసేపు బతిమాలాడు. ఒక్క ఫోటో తీసుకోనీ అన్నాడు. సరేనన్నాను. మూడుసార్లు నొక్కాడు. కెమెరా పని చేయలేదు.

బస్టాండు దాకా మా ఆయన దిగబెట్టి వచ్చారు. ఆ పిలగాడు దావంతా వెనక్కి తిరిగి చూస్తానే ఉండె, ఏం చెప్పినావు అన్నారు. అప్పుడు ఆయనకు అంతా చెప్పాను. వింటూ వింటూ ఆయన లేచి ట్రంకు దగ్గర నుంచి దూరంగా పోయి కూర్చున్నారు.

12 ఆగస్టు

ఉదయం బస్సుకు ఊరికి పోయాను. అన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను. గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచాడు. దారిలో, నువ్వు ముందే వద్దని చెప్పింటే ఆ గుంత నేను తవ్వనిచ్చింటినా హేమా అన్నాడు. నువ్వెందుకు వద్దనలేదని నేనూ అతన్ని అడగాల్సింది. అడగలేదు.

హగరిలో బూడిద కలిపిన చోట పిడికెడు ఇసుక తీసుకున్నాను. కొత్త బిస్కెట్ల డబ్బాలో అడుగున ఇసుక పోశాను. దాని మీద మొదటి సంచిక. దాని మీద రెండు, మూడు, నాలుగు, వరసగా పదకొండు దాకా. వాడు చదవనివి. మచ్చలు పడ్డవే, ముఖాలు పోయినవే, అయినా అవే ఉన్నాయి. వంతెన మీద నుంచి పడినవాడు బతికాడురా చిన్నప్పా, రెండో దాంట్లో మొదటి పేజీలోనే ఉంది అని చెప్పాను. అన్న ముఖం తిప్పుకున్నాడు.

మూత చుట్టూ మైనం పోశాను. చెయ్యి కాలింది.

ఆ పాత గుంతలోనే డబ్బా పెట్టి, పూడ్చి పైకి వస్తుంటే ఎర్రప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు. కాల్చినారా అని అడిగాడు. లేదు మామా, ఇచ్చేసినాము అని అన్న చెప్పాడు. ఎర్రప్ప ఏదో అనబోయాడు. అంతలో దుమ్ములో చుక్క పడింది. అతని కాలి దగ్గర.

13 ఆగస్టు

బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్పారు. కావచ్చు.

మా చేను పూర్తిగా తడిసిందట. ఎక్కడ గీత ఉండేదో ఇప్పుడు తెలియడం లేదట. వదిన ఫోన్ తీసుకుని, పండగకు రాకపోయినా విత్తనాలప్పుడైనా రా అన్నది.

24 ఆగస్టు, ఆదివారం. ఉదయం

ఖాళీ ట్రంకు ఎండకు పెడదామని తాళం తీశాను. లోపల ఒక పుస్తకం ఉంది. నేను పెట్టలేదు. తాళంచెవి నా మెడలోనే ఉంది.

‘తెల్లచెయ్యి’. పన్నెండో సంచిక.

అట్ట అంతా తెలుపు. మధ్యలో ఒక ఎడమచెయ్యి మాత్రం రంగులో ఉంది. చామనఛాయ. మా ఇంటి రంగు.

ఇరవై మూడో పేజీలో కూపన్ కత్తిరించి ఉంది. నాకెందుకక్కా అన్నవాడికి ఇప్పుడు గ్లౌజు కావాలి.